ఘాటీలో కుంగిన పెడల్

"బండికేం లేదండీ, మేం నడిపి చూశాం."

జాబ్ కార్డు మడిచి మా బావ చేతిలో పెడుతూ సర్వీసు సెంటర్లో అబ్బాయి అన్న మాట ఇది. బండి మూడేళ్ల కిందట కొన్న పెద్ద ఎస్‌యూవీ, ఏడు సీట్లది. మనుషులూ సామానూ కలిస్తే రెండున్నర టన్నులు తూగుతుంది. అంతకు రెండు రోజుల ముందు కోరాపుట్‌లో పెళ్లి చూసుకుని అందరూ సాలూరు తిరిగొస్తున్నారు. సుంకి దాటి ఘాటీ సగం దిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడింది. తొక్కితే దూదిమూటలో కాలు పెట్టినట్టు లోపలికి దిగిపోయింది. గబగబా నాలుగుసార్లు కొడితే కాస్త పట్టింది. గేరు తగ్గించి, కొండవైపు కంకరలోకి దింపి ఎలాగో ఆపాడు. అరగంట పోయాక మళ్లీ తొక్కి చూస్తే పెడల్ గట్టిగా, కొత్త బండిలో ఉన్నట్టే ఉంది. అక్కణ్ణుంచి ఇంటిదాకా బండి బుద్ధిగా నడిచింది.

సర్వీసు వాళ్లు అబద్ధం చెప్పారనుకోను. మర్నాడు పొద్దున్న, చల్లగా ఉన్న ఖాళీ బండిని, బల్లపరుపు బైపాస్ మీద నాలుగు కిలోమీటర్లు తిప్పారు. అప్పుడా బండిలో ఏ లోపమూ లేదు. లోపం ఘాటీలో పుట్టి, ఘాటీలోనే మాయమైంది. ఎలా పుట్టిందో, ఎటు పోయిందో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి.

సాలూరు సముద్ర మట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంది. కోరాపుట్ సుమారు 870 మీటర్లు. మధ్య తేడా 750 మీటర్లు. రెండున్నర టన్నుల బండి అంత ఎత్తు ఎక్కిందంటే కోటీ 84 లక్షల జౌళ్ల శక్తిని ఒంట్లో దాచుకున్నట్టే. ఎక్కేటప్పుడు డీజిల్ కాల్చి సంపాదించిన ఆ శక్తి దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ఆ ఖర్చు దాదాపు అంతా వేడి రూపంలోనే. 60 లీటర్ల బోరు నీళ్లు, అంటే ఇంట్లో నాలుగు బిందెలు, తెర్లి పొంగేంత వేడి అది. నూటికి ఆరు మీటర్ల వాలున్న రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నారనుకోండి. ప్రతి క్షణం పుట్టే వేడి 12 కిలోవాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు పన్నెండు, స్విచ్చి వేసి, బండి కింద కట్టుకుని దిగుతున్నట్టు.

ఇందులో కొంత గాలి ఒరిపిడికీ టైర్ల ఒరిపిడికీ పోతుంది. మిగిలింది మోసేవి రెండే: బ్రేకులు, ఇంజను. మా బావ మొత్తం బరువు బ్రేకుల మీదే పెట్టాడు. గేరు లీవర్ 'డి'లో పెట్టి, వంపు వంపుకీ పెడల్ మీద కాలు ఆనించి దిగాడు. నాలుగు చక్రాల దగ్గరి డిస్కులు, డ్రమ్ములు కలిపి 40 కిలోల ఇనుము అనుకుందాం. 750 మీటర్ల వేడీ గాలికి పోకుండా ఆ ఇనుములోనే నిలిస్తే దాని ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు పెరుగుతుంది. నిజంగా అంత పెరగదు. రోడ్డు మధ్యమధ్య మళ్లీ ఎక్కుతుంది, గాలి కొంత చల్లారుస్తుంది. కానీ పుట్టే వేడి పోయే వేడి కంటే ఎక్కువైతే డిస్కు కాలుతూనే ఉంటుంది. దిగువన ఆపిన బండి దగ్గర ముక్కు పుటాలు మండే కమురు వాసన ఆ లెక్క ఫలితమే.

పెడల్ ఎందుకు కుంగింది? కాలికీ చక్రానికీ మధ్య ఉన్నది సన్నని గొట్టాల నిండా ద్రవం. మనం 'బ్రేక్ ఆయిల్' అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ జాతి రసాయనం. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, అందుకే ఇక్కడ తొక్కిన తొక్కుడు అక్కడ చక్రం దగ్గర పిస్టన్‌ను నెడుతుంది. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం ఇదే. అయితే ఈ ద్రవానికి ఒక దురలవాటు ఉంది. వానాకాలం మూత పెట్టని డబ్బాలో ఉప్పులాగా తేమ పీలుస్తుంది. రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా నెమ్మదిగా నీరు లోపలికి చేరుతుంది. డాట్-4 రకం ద్రవం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక మాత్రం 155 డిగ్రీలు తట్టుకుంటే చాలంటుంది. డాట్-3 అయితే ఆ అంకెలు 205, 140. అంటే ద్రవం పాతబడే కొద్దీ ప్రమాదపు గీత 65, 75 డిగ్రీలు కిందికి దిగి మన కోసం కాచుకుని ఉంటుంది.

డిస్కు వేడి ప్యాడ్‌కీ, ప్యాడ్ నుంచి పిస్టన్‌కీ, అక్కణ్ణుంచి ద్రవానికీ పాకుతుంది. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవం కుదించుకోదు గానీ ఆవిరి కుదించుకుంటుంది. మీరు తొక్కిన తొక్కుడంతా బుడగను నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. అరగంట చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. బుడగ లేదు, సాక్ష్యం లేదు. మర్నాడు షోరూము వాళ్లు వెతికింది ఆ లేని బుడగ కోసమే.

ఇదే ఘాటీలో ఇంకో రకం జబ్బూ వస్తుంది. అందులో పెడల్ కుంగదు, రాయిలా గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ప్యాడ్‌లోని జిగురు కాలి, వాయువు పొరగా లేచి, ప్యాడ్ డిస్కును కరవకుండా చేస్తుంది. రెంటికీ మందు వేరు. కాబట్టి మెకానిక్‌తో "బ్రేకు సరిగ్గా లేదు" అంటే సరిపోదు, పెడల్ మెత్తగా పోయిందా, గట్టిగా ఉండి పట్టలేదా అన్నది చెప్పాలి. డాక్టరు దగ్గర జ్వరం అన్నా, చలిజ్వరం అన్నా ఒకటే అవదు కదా.

సాలూరులో ఈ పాఠం ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేగావతి ఒడ్డునున్న ఈ ఊరు బతికిందే ఘాటీ మీద. నాతవలస దగ్గర మొదలై విజయనగరం, రామభద్రపురం మీదుగా వచ్చి, ఇక్కణ్ణుంచి కొండెక్కే రోడ్డు ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లు ఇంకా 43 అనే అంటారు. ఒడిశాకీ, రాయపూర్ వైపుకీ సరుకు తోలే లారీలు, వాటికి బాడీలు కట్టే షెడ్లు, రేకు మీద సుత్తి చప్పుడు. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా పేరు పార్వతీపురం మన్యం అయింది గానీ ఊరికి ఆనవాలు లారీయే. మా వీధిలో ఓ పెద్దాయన ముప్పై ఏళ్లు రాయపూర్ లైన్లో తోలాడు. బావ గోడు విని ఒకటే అడిగాడు.

"ఏ గేర్లో దిగావు బాబూ?"

"ఆటోమేటిక్ కదా తాతా, అదే చూసుకుంటాది."

"అదేటి సూసుకుంటాది! దానికి ఘాటీ తెలుసేటి? ఎక్కడం ఏ బండైనా ఎక్కుతాది. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాలి."

దేశంలో ఏ కొండదారిలో అడిగినా లారీ డ్రైవర్లు చెప్పే సూత్రమే ఇది. దీని వెనక ఉన్న సైన్సు గట్టిది. చిన్న గేర్లో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. పిస్టన్లు గాలిని పీల్చి, నొక్కి, బయటికి నెట్టడానికి పడే శ్రమ, లోపలి ఒరిపిడి, అంతా బండి వేగాన్ని తినేస్తుంది. ఆ వేడి రేడియేటర్ గుండా, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆ పనికి పుట్టినవే అవి, ఎంతసేపైనా అలసిపోవు. గేరు ఎంత చిన్నదైతే ఇంజను అంత జోరుగా తిరుగుతుంది, అంత గట్టిగా పట్టి ఉంచుతుంది. చాలామంది ఆ రొద విని భయపడి గేరు పెంచేస్తారు. టాకోమీటర్ ముల్లు ఎర్రగీత తాకనంత వరకు ఆ రొద మన క్షేమానికే.

ఇంకో భ్రమ కూడా ఇక్కడే చెప్పాలి. న్యూట్రల్ కొట్టి దిగితే డీజిల్ మిగులుతుందని కొందరు. ఇప్పటి ఇంజన్లలో బండి గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటరు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్లో మాత్రం ఇంజను ఆగిపోకుండా కొంత పోస్తూనే ఉంటుంది. మిగిలేది ఏమీ లేదు, పోయేది ప్రాణం.

డీజిల్ ఇంజనుకు ఒక బలహీనత లేకపోలేదు. పెట్రోలు ఇంజనులో గాలిదారిని మూసే తలుపు ఉంటుంది కనుక అది బాగా పట్టి ఆపుతుంది. సంప్రదాయ డీజిలుకు ఆ తలుపు లేదు, నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను తోసేస్తుంది. 1931లో క్లెస్సీ కమిన్స్ అనే అమెరికన్ ఇంజనీరు తన డీజిల్ ఇంజను గొప్ప చూపించడానికి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు ట్రక్కులో వెళ్తూ కాలిఫోర్నియాలో కాహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు పోయాయి. కింద రైలు గేటు, దాని మీద గూడ్సు బండి. చివరి పెట్టె దాటిపోయిన క్షణాల తేడాలో బయటపడ్డాడు. ఆ భయం ఆయన్ను వదల్లేదు. రిటైరయ్యాక కూర్చుని, నొక్కిన గాలిని పిస్టన్ మీదకు తిరిగి రానీకుండా వాల్వు తెరిచి వదిలేసే పద్ధతి కనిపెట్టాడు. 1961 నుంచి ఆ ఇంజన్ బ్రేకు అమ్మకానికి వచ్చింది. మన లారీల్లో ఎక్కువగా కనిపించే ఎగ్జాస్ట్ బ్రేకు దానికి చుట్టం. అది పొగగొట్టానికే అడ్డుపలక వేస్తుంది. ఘాటీలో లారీ నుంచి వచ్చే ఆ బుస్సుబుస్సు బొంగురు శబ్దం అదే.

ఇక షోరూము సంగతి. టెస్ట్ డ్రైవ్ అనగానే సన్‌రూఫ్ తెరిచి చూపిస్తారు, ఏసీ చూపిస్తారు, పాటలు పెడతారు. కొండ ప్రాంతం వాళ్లమని చెబితే 'హిల్ డిసెంట్ కంట్రోల్' అనే బటన్ నొక్కి గర్వంగా చూస్తారు. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌తో వచ్చిన ఏర్పాటు అది. మంచిదే, కాకపోతే అదేమీ ఇంజన్ బ్రేకు కాదు. మన కాలికి బదులు కంప్యూటరే ఒక్కో చక్రం బ్రేకు నొక్కుతుంది. బురద దిబ్బ మీంచి, రాళ్ల వాగులోకి నడక వేగంతో దిగడానికి పనికొస్తుంది. పన్నెండు కిలోమీటర్ల ఘాటీకి దాన్ని నమ్ముకుంటే అవే డిస్కులు, అదే వేడి.

కొనేవాళ్లు అడగాల్సింది వేరే. బండిలో నలుగురైదుగురు కూర్చోవాలి. వాలు రోడ్డు దొరికే చోటికి తీసుకెళ్లమనాలి. ఆటోమేటిక్ అయితే లీవర్ 'ఎం'లోకి మార్చి రెండో గేరుకు తెచ్చి, బ్రేకు ముట్టకుండా వేగం నిలుస్తుందో లేదో చూడాలి. కోరాపుట్ ఎత్తులో గాలి ఎనిమిది శాతం దాకా పలచబడుతుంది, టర్బో ఉన్న ఇంజను దాన్ని పట్టించుకోదు. ఎక్కడంలో ఈ రోజుల్లో తేలిపోయే బండి దాదాపు లేదు. కరెంటు బండి కొనేవాళ్లకు ఒక మాట: దిగేటప్పుడు మోటారే జనరేటరై కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది. మన కోటీ 84 లక్షల జౌళ్లు అయిదు యూనిట్లతో సమానం. అయితే కొండ మీదే బ్యాటరీ నూటికి నూరు నింపుకుని బయల్దేరితే ఆ కరెంటు పోసుకోవడానికి చోటుండదు.

బావ బండి పాత జాబ్ కార్డులు మూడూ తీయించి చూశాను. మూడింటిలోనూ 'బ్రేక్ ఫ్లూయిడ్' గడిలో టిక్కు ఉంది. సీసాలో మట్టం సరిపోయిందని ఆ టిక్కు అర్థం. మట్టం వేరు, వయసు వేరు. మిగతావి చాలావరకు కిలోమీటర్ల లెక్కన మార్చేవి, ఇది మాత్రం కాలం లెక్కన మార్చేది, సాధారణంగా రెండేళ్లకోసారి. బండి షెడ్డులో పడుకున్నా అది తేమ తాగుతూనే ఉంటుంది. తక్కువ తిరిగే బండికి ఇదే ముప్పు, ఎవరికీ గుర్తు రాదు. రెండోసారి వెళ్లినప్పుడు బావ చేత కార్డులో ఇలా రాయించాం: ఘాటీ దిగుతూ, ఏడుగురితో, 'డి' గేర్లో, అరగంట బ్రేకు వాడాక పెడల్ మెత్తగా కుంగింది, చల్లారాక మామూలైంది. అది చదివిన పెద్ద మెకానిక్ బండి నడపనే లేదు. పెన్నులాంటి తేమ మీటరు తెచ్చి సీసాలో ముంచాడు. ఎర్ర దీపం వెలిగింది. తీసిన ద్రవం కాగిన టీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్తది తేనె నీళ్లలా ఉంది.

మరో ముక్క చెప్పి వదిలేస్తాను. కాలిన డిస్కు మీద నీళ్లు పోయకండి, పగులుతుంది, వంకర తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు బిగించి వదిలేయడం కంటే గేర్లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టడం మేలు. క్లీనర్లు చేసేది అదే.

ద్రవం మార్చాక బావ మళ్లీ ఘాటీ ఎక్కాడు, ఈసారి ముందు సీట్లో పెద్దాయన్ను కూర్చోబెట్టుకుని. దిగేటప్పుడు రెండో గేరు. వంపుల దగ్గర బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి పూర్తిగా వదిలేయడం, ఆనించి ఉంచకపోవడం. ఎక్కే లారీలకు దారి ఇస్తూ, వెనక హారన్లు పట్టించుకోకుండా. కోనవలస దగ్గర ఆగి డిస్కు పక్కన చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, అంతే. చూసి చెప్పమందామని పక్కకు తిరిగితే, తాత ఎప్పుడు నిద్రపోయాడో గానీ గురక పెడుతున్నాడు.