"నేను వచ్చిన బస్సు"లో 'లో' ఎక్కడికి పోయింది?

ఈ ఎపిసోడ్‌లో రిలేటివ్ క్లాజులు. పేరు చూసి వీడియో మార్చేయకండి, ఇవి మీరు రోజూ తెలుగులో వాడేవే.

"నిన్న కొన్న కాజా" అంటాం కదా. కాజా గురించి చెప్పాల్సిందంతా కాజాకి ముందే పెట్టేశాం. ఆ 'కొన్న'ని స్కూల్లో క్రియాజన్య విశేషణం అన్నారు, పరీక్ష అయ్యాక మనం మర్చిపోయాం. ఇంగ్లీషులో ముందు కాజా, ఆ తర్వాత దాని కథ: ద కాజా దట్ ఐ బాట్ యెస్టర్‌డే. మనుషులకి హూ, వస్తువులకి విచ్, రెండిటికీ దట్. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. నేను చూసిన బస్సు, నేను వచ్చిన బస్సు, నేను ఎదురుచూసిన బస్సు. మూడూ ఒకే అచ్చు. విడదీస్తే మాత్రం బస్సుని చూశాను, బస్సులో వచ్చాను, బస్సు కోసం ఎదురుచూశాను. ఆ 'లో'ని, 'కోసం'ని తెలుగు మింగేసింది. వినేవాళ్ళకి అర్థమైపోతుంది కాబట్టి మనకి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు ఊరుకోదు, ఆ ముక్క కూడా పెట్టమంటుంది: ద బస్ ఐ కేమ్ ఇన్, ద బస్ ఐ వెయిటెడ్ ఫర్.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు జూనియర్లకి మాక్ ఇంటర్వ్యూలు పెట్టేవాణ్ణి. పని బాగా వచ్చిన పిల్లలే "ద ప్రాజెక్ట్ విచ్ ఐ వర్క్‌డ్" అని ఆగిపోయేవారు. ఏదో తగ్గిందని వాళ్ళకి తెలుస్తుంది, ఏం తగ్గిందో తెలీదు. ఇక అక్కణ్ణుంచి భయపడి రెండేసి ముక్కల వాక్యాలకి దిగిపోయేవారు. చేసిన పనిలో సగం చెప్పకుండానే ఇంటర్వ్యూ అయిపోయేది. తగ్గింది ఒక్క 'ఆన్' అండి! ప్రాజెక్ట్ మీద పనిచేశాను, ఆ 'మీద'. "ద కాలేజ్ విచ్ ఐ స్టడీడ్" కూడా ఇదే కేసు. చివర 'ఎట్' పెట్టండి, లేదా విచ్ తీసేసి వేర్ అనండి. వేర్‌లోనే 'లో' ఉంది కాబట్టి అప్పుడు ఎట్ అక్కర్లేదు.

ఈ తేడా అటునుంచి వచ్చేవాళ్ళనీ వదల్లేదు. రాజమండ్రిలో కూడా పనిచేసిన సీపీ బ్రౌన్ 1840లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం రాశారు. హూ, విచ్‌లతో పెరిగినవాళ్ళకి ఈ 'వచ్చిన', 'కొన్న' సంగతి ఆయన విడిగా చెప్పాల్సి వచ్చింది.

సరే, మన దారికొద్దాం. విచ్, దట్ ఎప్పుడు వదిలేయొచ్చు? కొన్నది కాజా కాదు, నేను. అందుకే "ద కాజా ఐ బాట్" చాలు. అదే కాజా అమ్మే మనిషి అయితే, అమ్మేది ఆయనే కాబట్టి "ద మ్యాన్ హూ సెల్స్ కాజా" అనాల్సిందే, హూ తీయకూడదు. ఇంకోటి, "ద మూవీ విచ్ ఐ సా ఇట్" అనకండి. విచ్ అంటేనే ఆ సినిమా, మళ్ళీ ఇట్ ఎందుకు?

అనుమానం వస్తే మామూలు వాక్యం ఇంగ్లీషులో అనుకోండి: ఐ వర్క్‌డ్ ఆన్ ద ప్రాజెక్ట్. అందులో ఆన్ ఉంటే ఇందులోనూ ఉంటుంది. తెలుగు వాక్యంతోనే ఆగిపోతే ఒక్కోసారి దెబ్బతింటారు. "నేను ఫోన్ చేసిన అమ్మాయి" చూడండి. తెలుగులో అమ్మాయి'కి' చేశాం. ఇంగ్లీషులో మాత్రం ఐ కాల్డ్ ద గర్ల్, మధ్యలో 'టు' లేదు. అందుకని "ద గర్ల్ ఐ కాల్డ్", అంతే. మరి "నేను డబ్బులిచ్చిన మనిషి"కి 'టు' కావాలా, వద్దా? కామెంట్లో పెట్టండి.