రెండు చవితుల చంద్రుడు

వినాయక చవితి నాడు చంద్రుణ్ని చూడకూడదంటారు. సంకటహర చవితి నాడు చంద్రుణ్ని చూస్తే గాని ముద్ద ముట్టరు. మొదటిది అమావాస్య దాటాక వచ్చే చవితి, రెండోది పున్నమి దాటాక వచ్చేది. వినాయక చవితి చంద్రుడు పొద్దున తొమ్మిది ప్రాంతంలోనే ఉదయిస్తాడు. ఎండలో మన కంటికి ఆనడు. పొద్దు గుంకాక పడమట తేలి, ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా అస్తమిస్తాడు. ఆ తర్వాత ఎంతసేపు ఆకాశం చూసినా నీలాపనింద భయం లేదు! సంకటహర చవితి నాడు దాదాపు అదే వేళకు తూర్పున పొడుస్తాడు. అట్లతద్ది బహుళ తదియ కాబట్టి ఆ ఉపవాసం ఓ ముప్పావుగంట ముందే గట్టెక్కుతుంది.

కిటుకంతా తిథిలో ఉంది. ఆకాశంలో సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అమావాస్య ముగిసేసరికి కోణం సున్నా, పున్నమి ముగిసేసరికి 180. చంద్రుడి వెలుగు సగంలో మనకెంత కనిపిస్తుందో తేల్చేది ఈ కోణమే. సూర్యుడి తర్వాత ఎంతసేపటికి ఉదయిస్తాడో తేల్చేదీ ఇదే. (భూమి నీడకు కళలతో పని లేదు, అది గ్రహణాల సంగతి.)

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. 12 డిగ్రీలకు 48 నిమిషాలు, అంటే పాత లెక్కలో రెండు ఘడియలు. ఆలోగా చంద్రుడు ఇంకాస్త తూర్పుకు జరుగుతాడు కనుక సగటు ఆలస్యం రోజుకు 50 నిమిషాలు. సముద్రంలో పోటు వేళ కూడా రోజూ ఇంచుమించు ఇంతే వెనక్కి పోతుంది.

ఈ లెక్కన శుక్ల అష్టమి చంద్రుడు మధ్యాహ్నం పుట్టి అర్ధరాత్రి అస్తమిస్తాడు. బహుళ అష్టమి నాడు అర్ధరాత్రికి గాని రాడు. మన సినిమాల్లో నడిరాత్రి నడినెత్తిన మెరిసే నెలవంక మాత్రం ఏ పంచాంగానికీ లొంగదు.

బహుళ అష్టమి దగ్గర ఒక తమాషా. ఒక తేదీ రాత్రి 11:40కి ఉదయించినవాడు మళ్లీ వచ్చేది మర్నాడు అర్ధరాత్రి దాటాక 12:30కి. మధ్యలో ఒక తేదీ మొత్తం చంద్రోదయమే లేకుండా గడిచిపోతుంది. సూర్యోదయంతో రోజును మొదలుపెట్టే పంచాంగానికి ఇక్కడ ఈ పేచీ లేదు.

50 నిమిషాలన్నది సగటు మాత్రమే. చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా కదులుతాడు. పైగా అతని దారి క్షితిజం మీద అన్ని నెలల్లో ఒకే వాలున ఉండదు. అందుకే మన దగ్గర ఆలస్యం ఒకనాడు 40 నిమిషాలు, మరొకనాడు గంట. బ్రిటన్‌లోనైతే శరత్కాలపు పున్నమి రోజుల్లో అది 20 నిమిషాలకూ తగ్గుతుంది.

కాబట్టి లండన్‌లోనో డల్లాస్‌లోనో ఉండి సంకటహర చవితి చేసేవారు తమ ఊరి చంద్రోదయం చూసుకోవాలి. అంతదూరం ఎందుకు, శ్రీకాకుళంలో హైదరాబాదు కంటే 20 నిమిషాల ముందే చంద్రుడు వచ్చేస్తాడు.