ప్యారీస్ కార్నర్

ప్యారీస్ కార్నర్ చెన్నై మహానగరంలో జార్జిటౌన్ ప్రాంతమునకు ఆగ్నేయ మూలన ఉన్న ప్రసిద్ధ కూడలి. సుభాష్ చంద్రబోస్ రోడ్డు, రాజాజీ శాలై ఇచ్చట కలుస్తాయి. తమిళంలో దీనిని 'పారిమునై' అంటారు. ఒకప్పుడు ఇది సముద్రపు ఒడ్డున ఉన్న వీధి మూల. నేడు ఇచ్చట నిలబడినవారికి సముద్రం కనిపించదు. కూడలి స్థలం మారలేదు, సముద్రమే దూరంగా జరిగిపోయినది.

పుట్టుక

ఈ మూల ఏర్పడుటకు కారణం వ్యాపారం కాదు, యుద్ధం. సెయింట్ జార్జి కోటకు ఉత్తరాన, ఇప్పుడు హైకోర్టు ఉన్న ప్రాంతంలో, పూర్వం 'బ్లాక్ టౌన్' అను నల్లవారి పట్టణం ఉండేది. కోటతో వ్యాపారం చేసే తెలుగు, తమిళ వర్తకులు, చేతిపనులవారు అక్కడ నివసించేవారు. 1746లో కోటను పట్టుకున్న ఫ్రెంచివారు అందులో కొంత భాగాన్ని కూల్చివేశారు. 1758-59లో లాలీ సేనాపతిగా ఫ్రెంచివారు మరల ముట్టడించినపుడు మిగిలిన ఇండ్లు శత్రువుకు చాటుగా ఉపయోగపడినవి. ముట్టడి విఫలమైన పిదప ఆంగ్లేయులు ఆ ఇండ్లను కూడా తొలగించి, కోట ఫిరంగులకు ఎదురు లేకుండా మైదానం చేశారు. ఆ మైదానంలో ఎవరూ కట్టడములు కట్టరాదని తెలుపుటకు 1773లో హద్దు స్తంభములు పాతించారు. ఆ హద్దుకు ఆవల వెలసిన కొత్త పట్టణమే తరువాత ఐదవ జార్జి పేరుతో జార్జిటౌన్ అయినది. హద్దురేఖ సముద్రతీరాన్ని తాకే చోటనే ఈ మూల ఉన్నది.

ఆ స్తంభములలో ఇప్పటికి ఒక్కటే మిగిలినది. అది డేర్ హౌస్ వద్ద ఉన్నది. రోజూ వేలమంది దాని పక్కనుండి నడిచిపోతున్నా, ఒక ఊరిని చెరిపివేసిన ఆజ్ఞకు అది గుర్తు అని తెలిసినవారు అరుదు.

ప్యారీ కంపెనీ

వేల్స్ దేశస్థుడైన థామస్ ప్యారీ 1788లో మద్రాసుకు వచ్చి వ్యాపారం ప్రారంభించాడు. 1803లో ఈ మూలనున్న భవనాన్ని కొన్నాడు. 1819లో చేరిన జాన్ విలియం డేర్ తరువాత భాగస్వామి అయ్యాడు. ప్యారీ 1824లో మరణించాడు. పాత భవనం స్థానంలో 1940లో పూర్తయిన కట్టడమునకు డేర్ పేరు పెట్టారు. ఆ విధంగా భవనానికి ఒక భాగస్వామి పేరు, కూడలికి మరొకరి పేరు నిలిచినవి. 1981లో కంపెనీ మురుగప్ప వర్గం చేతికి వచ్చినది.

సముద్రం వెనుకకు జరిగిన తీరు

రాజాజీ శాలై పూర్వనామం 'ఫస్ట్ లైన్ బీచ్', అనగా తీరమునకు ఎదురుగా ఉన్న మొదటి భవనముల వరుస. అప్పట్లో మద్రాసుకు రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, పలకలను నారతాళ్ళతో కుట్టిన మసూలా పడవలు అలల మీదుగా సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చేవి. 1861లో ఇనుప స్తంభముల వంతెన వచ్చినది. 1875లో రేవు గోడల పని మొదలుపెట్టారు. దాదాపు పూర్తయిన గోడలను 1881 తుఫాను ధ్వంసం చేయగా మరల నిర్మించవలసి వచ్చినది.

ఈ తీరం వెంట అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి మోసుకొని పోతాయి. గోడలు ఆ దారికి అడ్డుపడగా దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా విశాలమైనది. ఇసుక అందని ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైనది. ఒకరికి విహారస్థలం, మరొకరికి ఇంటి నేల పోవుట ఒకే గోడ వలన జరిగినవి. ఈ కూడలి ఎదుట మాత్రం సముద్రాన్ని పూడ్చిన నేల మీద రేవు గోదాములు, పట్టాలు వచ్చినవి. దగ్గరలోని రైల్వే స్టేషను పేరు 'బీచ్' అయినా అక్కడ బీచ్ లేదు.

రోడ్డుకు దక్షిణాన, పాత బ్లాక్ టౌన్ నేల మీద, 1892లో హైకోర్టు భవనం నిర్మించబడినది. దాని గోపురం మీది దీపం 1894 నుండి 1977 వరకు ఓడలకు దారి చూపినది.

తెలుగువారితో సంబంధం

ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మారి, చాలాకాలం ఈ కూడలికి సమీపాన గల తంబుచెట్టి వీధి నుండి వెలువడినది. కార్వేటినగరం సంస్థానం మద్రాసు రాజధానిలో భాగం కావున అక్కడి జమీందారీ తగాదాలు ఈ హైకోర్టుకే వచ్చేవి. 2002లో కోయంబేడు బస్టాండు ప్రారంభమగువరకు దూరప్రాంతపు బస్సులు ఈ పక్కనుండే నడిచేవి. చిత్తూరు జిల్లా పెద్దలలో కొందరు నేటికీ ఈ ప్రాంతమంతటినీ 'ప్యారీస్' అనే వ్యవహరిస్తారు.