ప్రవాహమును తెంచు ప్లాస్మా

నిజామాబాదు జిల్లా బోధన్ ప్రాంతపు చెరకు తోటలలో బోరు మోటార్లు నడుపు రైతులకు స్టార్టరు కాంటాక్టులు నల్లబడి గుంటలు పడుట తెలిసినదే. మోటారును ఆపిన ప్రతిసారి కాంటాక్టుల నడుమ మెరుపు మెరియుట దానికొక ముఖ్య కారణము. ఈ మెరుపు ఎందుకు పుట్టును?

తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించునపుడు దానిచుట్టు అయస్కాంత క్షేత్రమేర్పడి, అందు శక్తి నిలువయుండును. చుట్ట ప్రేరకతను ప్రవాహపు వర్గముచే గుణించి సగము చేసిన ఆ శక్తి వచ్చును. ప్రవాహమాగిన ఆ శక్తి ఎక్కడికైనను పోవలెను గదా! ప్రవాహమును ఎంత త్వరగా తెంచిన అంత ఎక్కువ వోల్టేజి పుట్టును. పాతరకపు ట్యూబులైటులో చోకు చేయు పని ఇదియే.

కెపాసిటర్లకంటె తీగచుట్టలు అంతే చోటులో ఎన్నో రెట్లు శక్తిని దాచగలవు. అయితే దాచుట కంటె తెంచుటయే కష్టము. లక్షల ఆంపియర్ల ప్రవాహమును మామూలు స్విచ్చి తెంచబోయిన, విడిన లోహపు ముక్కల నడుమ ఆర్కు పుట్టి ప్రవాహము సాగుచునే యుండును.

ఈ చిక్కునకు మెండెల్, గోల్డ్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు 1977లో ఒక ఉపాయమును ప్రకటించిరి. శూన్యములో ధన, ఋణ ధ్రువముల నడుమ ప్లాస్మాను, అనగా ఎలక్ట్రానులు, అయానులుగా విడిపోయిన వాయువును, చిమ్ముదురు. మొదట అది తీగవలె ప్రవాహమును మోయును. ప్రవాహము పెరిగిన కొలది ఋణధ్రువమునకు ఎక్కువ అయానులు కావలెను. ప్లాస్మా అన్నిటిని అందింపలేని క్షణమున అచ్చట ఖాళీ ఏర్పడును. ఎలక్ట్రానులు దానిని దాటజూచిన, ప్రవాహపు సొంత అయస్కాంత క్షేత్రమే వాటిని వంచి వెనుకకు త్రిప్పును. అంతట ప్రవాహము ప్రక్కనున్న పరికరములోనికి మరలును. ప్రవాహము ఎక్కువసేపు సాగు స్విచ్చులలో ఆ క్షేత్రము ప్లాస్మాను నెట్టివేయుట కూడ ముఖ్యమే.

ఒక లెక్క చూడుడు. ప్రేరకత హెన్రీలో కోటివ వంతు, ప్రవాహము 10 లక్షల ఆంపియర్లు అనుకొందము. నిలువయున్న శక్తి 50,000 జౌళ్లు. 1,000 వాట్ల హీటరు 50 సెకనులలో వాడుకొనునది ఇంతే. ఆ ప్రవాహమును 50 నానోసెకనులలో తెంచిన సగటున 20 లక్షల వోల్టులు పుట్టును. సామర్థ్యము లక్షకోట్ల వాట్లగును. శక్తి పెరుగలేదు, కాలము కుదించుకొనినది!

ఇట్టి పల్సులు తీవ్రమైన ఎక్స్-కిరణములను, అయాను పుంజములను పుట్టించుటకు ఉపయోగపడును. తెలుగునాట విశాఖపట్నములోని భాభా అణు పరిశోధన కేంద్రపు శాఖలో పల్సు సామర్థ్య పరిశోధన జరుగుచున్నది. అయితే ప్లాస్మా సాంద్రత ప్రతిసారి ఒకే తీరున లేకున్న స్విచ్చి ముందుగనో ఆలస్యముగనో తెరచుకొనును. ఖాళీ చాలకున్న ప్రవాహములో కొంత ప్లాస్మా గుండనే జారిపోవును.

మూల సూత్రమును తరగతిలోనే చూపవచ్చును. చోకు రెండు కొసలకు చిన్న నియాను దీపమును తగిలించి, మూడు టార్చి సెల్లులతో ప్రవాహమునిండు. సెల్లులు కలిపియున్నంతసేపు దీపము వెలుగదు, విడదీయగనే తళుక్కుమనును. కొసలను వట్టి చేతులతో ముట్టరాదు. ఇంటి కరెంటును దీనికి ఎన్నడును తగిలింపరాదు.