వానాకాలమున గోళ్ళరంగు ఏల తెల్లబోవును?

జెల్ పాలిష్‌లలో వాడుచుండిన టీపీఓ అను పదార్థమును ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి నిషేధించినదన్న వార్త వెలువడినది మొదలు, గోళ్ళరంగులను గూర్చి మాకు వచ్చు ఉత్తరములకు కొదువ లేదు. అన్నింటి సారాంశము ఒక్కటియే: మేము వేసికొన్నది విషమా, కాదా? దానికి సమాధానము వ్యాసాంతమున క్లుప్తముగా చెప్పెదను. నన్ను కదలనీయక కూర్చుండబెట్టినది మాత్రము, ఆ నిషేధము ఊసే ఎత్తక, గణపవరమున పార్లరు నడుపుకొను ఒక సోదరి వ్రాసిన ఉత్తరము. ఆమె మాటలలోనే వినుడు.

"మాస్టారండీ, ఎండాకాలంలో వేసిన అదే సీసాలో రంగు శ్రావణమాసం పెళ్ళిళ్ళకి వేస్తే పైన తెల్లటి మసక కమ్మేస్తోందండి. మెరుపుండదు. ఒక్కోసారి సన్న బుడగలు కూడానూ. కాలేజీ పిల్లలేమో వేసీ వెయ్యగానే ఫాను కింద చేతులు పెట్టేస్తారు. ఫాను కట్టేస్తానమ్మా అంటే కరెంటు బిల్లుకి ఏడుస్తోందనుకుంటారు. సరుకు తెచ్చే అబ్బాయినడిగితే సరుకు మంచిదే, మీకు వెయ్యడం రాదంటాడు. సరుకు లోపమా, నా చేతి లోపమా, మా కొల్లేటి గాలి లోపమా, మీరే చెప్పాలండి."

అమ్మా, మూడవదే నిజము. మీ చేతిలో దోషము లేదు. సరుకు మంచిదైనను ఈ దుర్గతి తప్పదు. ఇట్టి ప్రశ్న ఏ విశ్వవిద్యాలయపు ప్రశ్నపత్రమునందును నాకు కనబడలేదు. కనబడియుండిన మన రసాయనశాస్త్ర బోధన ఇంతకంటె రుచికరముగా నుండెడిది.

ముందుగా గోరు సంగతి. ప్రాణము లేని కణములు ఒకదానిపై నొకటి అతుకుకొని, కెరటిన్ అను ప్రోటీనుతో గట్టిపడిన, ఇంచుమించు అర మిల్లీమీటరు మందపు రేకే గోరు. అది పుట్టుచోటు చర్మము క్రింద, మొదటిలో నున్నది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. అమెరికా వైద్యుడు విలియం బీన్ తన ఎడమచేతి బొటనవ్రేలి గోటిని 35 సంవత్సరములు విడువక కొలిచి, తన 32వ యేట దినమునకు 0.123 మిల్లీమీటరు పెరిగిన గోరు 67వ యేటికి 0.095 మిల్లీమీటరునకు తగ్గినదని 1980లో ప్రకటించెను. గోటిపై తెల్లచుక్క కనబడగానే కాల్షియము తక్కువైనదని మాత్రలు మ్రింగువారు నేటికిని కలరు. ఆకాశమున కొంగలబారు పోవుచుండగా, గోళ్ళపై తెల్లపూలు వేసి పొమ్మని పిల్లలు వానిని వేడుకొనుట మన పల్లెలలో పాత ఆట. కాల్షియము సిద్ధాంతమునకు ఈ కొంగల సిద్ధాంతముకంటె ఎక్కువ ప్రమాణము లేదు. గోరు పుట్టుచోట ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ, గోటితోపాటు నెలల తరబడి పైకి జరిగివచ్చి, అట్లు చుక్కయై కనబడుచున్నది.

ఇక రంగు. సీసాలో అధికభాగము ద్రావణులే. వానిలో ముఖ్యమైనవి ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్. వానియందు కరగియున్నది నైట్రోసెల్యులోజ్, అనగా ప్రత్తినో కొయ్యగుజ్జునో నత్రికామ్ల గంధకామ్లములతో సంస్కరించగా వచ్చినది. 1846లో బాసెల్ నగరపు రసాయనవేత్త షోన్‌బైన్ లోకమునకు చాటిన తుపాకిప్రత్తికి ఇది నత్రజని తగ్గిన సాధువైన చెల్లెలు. ఒకప్పుడు సినిమారీళ్ళు దీనితోనే చేసిరి. 1920లలో మోటారుకార్లకు దీనినే పూసిరి. 1932లో రెవ్‌లాన్ కంపెనీ పుట్టునాటికి ఆ కార్ల పూతయే స్త్రీల వ్రేళ్ళపైకి వచ్చి చేరియున్నది. మెరుపునకు ఒక రెసిన్, పూత పెళుసుబారకుండ వంగుటకు ఒక మెత్తనిగుణపు ద్రవ్యము, వర్ణమునకు వర్ణకములు చేర్చినచో గోళ్ళరంగు సిద్ధము. ఆ మెత్తనిగుణమునకై చిరకాలముగా వాడుచున్నవానిలో మన పూజాపళ్ళెములోని కర్పూరమొకటి అని చెప్పినచో కొందరు భక్తులు నొచ్చుకొందురేమో.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. రంగు ఆరుట యనగా రసాయనికముగా మారుట కాదు; ద్రావణి లేచిపోవుట, మిగిలినది ఉండిపోవుట, అంతే. కాని ద్రవము ఆవిరియై పోవుటకు ఉష్ణము కావలెను. ఆ గుప్తోష్ణమును అది తానున్న చోటినుండియే లాగికొనును. వేసవిలో మట్టికూజా తన ఒంటిపై చెమర్చిన నీటిని గాలికి అర్పించి లోపలి నీటిని చల్లబరచుకొనునట్లే, గోటిపై నున్న రంగుపొరయు తన ద్రావణిని వదలుచు తాను చల్లబడుచున్నది. కూజాపై నీరు మెల్లగా పోవును. 77 డిగ్రీలకే మరుగు ఇథైల్ ఎసిటేట్ అంత తాళదు. రంగు వేసిన క్షణమున గోటికి తగులు చల్లదనము ఇదియే.

ఈ చల్లదనము అనంతపురమున నిరపాయము, గణపవరమున అపాయము. గాలి ఎంత చల్లబడినచో తనలోని తేమను ఇక మోయలేక నీటిబిందువులుగా వదలునో ఆ ఉష్ణోగ్రతకు తుషారస్థానమని పేరు. మే నెల మధ్యాహ్నము అనంతపురమున 42 డిగ్రీల వేడి, 25 శాతము ఆర్ద్రత ఉన్నవనుకొందము. లెక్క వేసినచో తుషారస్థానము 18 డిగ్రీల చెంత తేలును. అనగా గాలికన్న 24 డిగ్రీలు చల్లబడిన వస్తువునకు గాని అచ్చట చెమ్మ పట్టదు. శ్రావణమాసపు సాయంకాలము గణపవరమున 30 డిగ్రీలు, 85 శాతము అనుకొందము. ఒకవంక తాడేపల్లిగూడెము, మరియొకవంక కొల్లేరు, నడుమ కాలువలు, నీరు పెట్టిన వరిచేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఆ గాలికి తేమ కరవా? అచ్చట తుషారస్థానము 27 డిగ్రీలు. మూడంటే మూడు డిగ్రీలు చల్లబడిన చాలును, రంగుపొరపై నీరు దిగును.

ఇచ్చట వెల్స్‌ను తలపకుండ ముందుకు పోలేను. మంచు ఆకాశమునుండి రాలుననియే అరిస్టాటిల్ కాలమునుండి పండితులు తలచుచుండిరి. భూమినుండి పైకి లేచుననువారు మరికొందరు. లండనులో వైద్యము చేయుచుండిన విలియం చార్లెస్ వెల్స్, తూచిన ఉన్నికుచ్చులను రాత్రులు ఆరుబయట ఒక పలకపైన, పలకక్రింద ఉంచి, ఉదయమున మరల తూచి, ఆకాశమునకు తెరచియున్న వస్తువు ముందుగా చల్లబడుననియు, చల్లబడినదానిపైననే గాలిలోని ఆవిరి నీరగుననియు నిశ్చయించి, 1814లో మంచును గూర్చిన వ్యాసమును ప్రకటించెను. జనులు మంచు పట్టినందున వస్తువు చల్లబడెననుకొనిరి. ఆయన చల్లబడినందున మంచు పట్టెననెను. అయితే పచ్చికపై మంచులో చాలభాగము నేలనుండి లేచిన ఆవిరియేనని 1885లో జాన్ ఐట్‌కెన్ చూపెను గాన, వెల్స్ అంతగా ఒప్పుకొనని పక్షమువారికిని కొంత ఊరట దక్కినది. సరుకు తెచ్చు అబ్బాయి చేసిన పొరపాటు పాతదే. వేసిన చేతి లోపమువలన తెలుపు వచ్చినదని అతడనుకొనెను. రంగు చల్లబడినందున తెలుపు వచ్చినది.

నీరు దిగినంతమాత్రమున తెలుపేల? నైట్రోసెల్యులోజ్ ఎసిటేట్‌లలో సుఖముగా కరగియుండును. నీటిని చూచిన విరిగి ముద్దకట్టును. పొరలో దిగిన నీటిబిందువుల చుట్టు అది అట్లు విరిగి, పిదప నీరును ద్రావణియు లేచిపోగా, కంటికి కనబడని కోట్ల రంధ్రములు మిగులును. నున్నని పొరలో తిన్నగా సాగవలసిన వెలుగు ఈ రంధ్రముల అంచులయందు తగిలి అన్ని దిక్కులకు చెదరిపోవును. అన్ని వర్ణములు సమముగా చెదరినప్పుడు కంటికి తెలుపు తప్ప వేరు తోచదు. ఎరుపు వర్ణకము ఎక్కడికిని పోలేదు; దానిపైన వెలుతురు కల్లోలపడుచున్నది.

ఈ మర్మము కొయ్యసామానునకు లాకరు పూయువారికిని, కార్లకు రంగు కొట్టువారికిని పుస్తకము చదువకయే తెలియును. ముసురు పట్టిన దినమున వారు తొందరగా ఆరు థిన్నరును ప్రక్కన పెట్టి మెల్లగా ఆరుదానిని కలుపుదురు. మెల్లని ద్రావణి వలన పొర అంతగా చల్లబడదు. ఒకవేళ నీరు దిగినను, నీరు పోయినపిదపకూడ ఆ ద్రావణి మిగిలియుండి, విరిగినదానిని మరల కరగించి రంధ్రములను పూడ్చును. గోళ్ళరంగులో ఆ ఉపకారము చేయునది 126 డిగ్రీలకు మరుగు బ్యూటైల్ ఎసిటేట్. చిక్కబడిన సీసాలో రిమూవరు నాలుగు చుక్కలు పోసి ఊపు అలవాటు మన పార్లర్లలో అంతటను కలదు. ఇంతకు మించిన అపచారము లేదు. రిమూవరులో ప్రధానమైన ఎసిటోన్ 56 డిగ్రీలకే మరుగును, అనగా మరింత వేగముగా చల్లబరచును. పైగా నీటితో ఎంతైనను కలిసిపోవును, పెక్కు రిమూవర్లలో నీరు ముందే కలిసియుండును. శత్రువునకు తలుపు తీయుటయే గాక పీట కూడ వేయుట ఇది.

ఇక ఫాను. గోటి క్రింద వెచ్చని రక్తము ప్రవహించుచున్నందున, పూత పలుచనైనచో వ్రేలే దానిని కాపాడగలదు. ఫాను ఆ కాపుదలను భంగపరచును: ద్రావణిని తరిమి పొరను చల్లబరచును, తేమగాలిని ఎడతెగక తెచ్చి దానిపై పోయును. బుడగలును దాని చలవయే. పైభాగము ముందుగా ఆరి పెచ్చుకట్టగా, అడుగున చిక్కిన ద్రావణి బయటపడు దారి లేక ఉబ్బును. పొరలోనుండి ద్రావణి పైకి వచ్చుటకు పట్టు కాలము మందముయొక్క వర్గమును అనుసరించును. మందము రెట్టింపైనచో కాలము నాలుగింతలు. కావున ఒక దట్టపు పూతకన్న రెండు పలుచని పూతలు మేలని మీరు పిల్లలకు చెప్పు మాట లెక్కకు నిలుచును. ఐసునీళ్ళలో వ్రేళ్ళు ముంచిన తక్షణము ఆరునను చిట్కాను నమ్మకుడు. చలికి పొర బిగిసి గట్టిగా తోచును. లోని ద్రావణి లోననే యుండును, దుప్పటి ముడుత దానిపై ముద్రపడి తెల్లవారి సాక్ష్యమిచ్చును.

మన గోరింటాకునకు ఇదే కాలము పండుగ. ఆషాఢమున ఆకును చింతపండుతో నూరి పెట్టుకొన్నప్పుడు, అందలి లాసోన్ అను చిన్న అణువు తడితోడి పులుపులో విడివడి, గోటిలోనికి దూరి, కెరటిన్‌తో రసాయనబంధము కల్పించుకొనును. పూత పైన కూర్చుండునది గనుక పెచ్చులూడును. లాసోన్ గోటిలో భాగమై, ఆ గోరు పెరిగి కత్తెరకు చిక్కువరకు, అనగా ఇంచుమించు ఆరు నెలలు, విడువదు. తడి ఆరిన గోరింటాకు పండదు, తడి తగిలిన పాలిష్ నిలువదు. ఒకే గోటికి చేయు రెండు శృంగారములు ఇంత విరుద్ధములైన వాతావరణమును కోరుట నాకు ఎప్పుడును వినోదమే.

గణపవరపు సోదరి తన ఉత్తరమున మరియొక ఫిర్యాదు చేసినది. "రంగుకి ముందు గోరువెచ్చటి నీళ్ళలో చేతులు నానబెట్టకపోతే మానిక్యూరే కాదంటారండి. నానబెట్టి వేస్తే రెండోరోజుకే పెచ్చులూడుతుంది." ఊడక మానదు. నీటిని పీల్చి ఉబ్బిన గోరు ఆరునప్పుడు ముడుచుకొనును, పైన బిగిసిన పూత ముడుచుకొనలేదు, అంచులు లేచును. నానబెట్టుట తప్పనిచో చేసి, గోళ్ళు బాగుగా ఆరనిచ్చి, నూనెజిడ్డును ఎసిటోన్‌తో తుడిచి, పిదపనే రంగు. గోటి మొదటనుండు పలుచని చర్మమగు క్యూటికలును కత్తిరింపవద్దని ఆమె వాదించుట కూడ న్యాయమే. నాట్లువేసి బురదలోను, రొయ్యలు ఒలిచి మంచునీటిలోను చేతులు నానుచుండు ఆడవారున్న సీమలో ఆ పలుచని ముద్ర తెగినచో గోరుచుట్టునకు స్వాగతము పలికినట్లే.

మిగిలినది టీపీఓ. జెల్ పాలిష్‌లో లేచిపోవు ద్రావణిపై పని సాగదు. దానిని గట్టిపరచుటకు వాడు దీపపు వెలుగు తగులగానే టీపీఓ రెండుగా చీలి, ఆ తునకలు ఎక్రిలేట్ అణువులను గొలుసులుగా కలుపును. కావున కొల్లేటి గాలి దానిని చెరుపలేదు. గాలిలోని ప్రాణవాయువు మాత్రము పైపొరలో ఆ గొలుసును అడ్డుకొనును, అందులకే చివర జిగురు మిగిలి తుడువవలసివచ్చును. జంతువులపై చేసిన పరీక్షలలో టీపీఓ సంతానశక్తికి హానికరమని తేలగా ఆ వర్గపు పదార్థములను సౌందర్యసాధనములనుండి తొలగించు నియమము క్రింద ఐరోపా దానిని తొలగించినది. గోళ్ళపై వేసికొన్నవారికి కీడు జరిగినదని నిరూపింపబడి కాదు. నాకంటికి అంతకన్న ఆసన్నమైన చిక్కు, సరిగా గట్టిపడని జెల్ చర్మమునకు అంటి ఎక్రిలేట్ ఎలర్జీ తెచ్చుట. అది ఒకసారి పట్టినచో దంతవైద్యుని పూరకములతోకూడ జాగ్రత్త వహింపవలసివచ్చును. సీసాపై ట్రైమిథైల్‌బెంజాయిల్ డైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ అని యున్నచో కొనకుడు. ఇంత పొడుగు పేరును చీమతలకాయంత అక్షరములలో ముద్రించి, చదువుకొని కొనుడని చెప్పు వ్యాపారులతో ఏమి వాదింతుము? భూతద్దమును కూడ వారే అమ్మవలెను.