ఓపీఎస్‌కు తిరిగెళ్తే బిల్లు ఎవరు కడతారు?

ఎన్నికలు దగ్గరపడితే చాలు.. ‘పాత పెన్షన్ తెస్తాం’ అన్న హామీ వినిపిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగం లేనివాళ్లకు ఇది తమకు సంబంధం లేని గొడవ అనిపించొచ్చు. కానీ మీ వీధి రోడ్డుకూ, కాలనీ డ్రైనేజీకీ, ఆస్పత్రిలో మందులకూ డబ్బులు రావాల్సింది కూడా ఆ ఖజానా నుంచే.

ఓపీఎస్, సీపీఎస్ మధ్య తేడా ఏంటి?

పాత పెన్షన్ (ఓపీఎస్)లో చివరి మూలవేతనంలో సగం పెన్షన్‌గా వస్తుంది. మూలవేతనం రూ.80 వేలైతే పెన్షన్ రూ.40 వేలు. ధరలతోపాటు పెరిగే కరవు భృతి దీనికి అదనం. ఇందుకోసం ఉద్యోగి జీతంలో కోత ఉండదు. ప్రభుత్వమూ ముందుగా నిధి పక్కన పెట్టదు. ఏ ఏడాది పెన్షన్లు ఆ ఏడాది బడ్జెట్ నుంచే చెల్లిస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి సీపీఎస్ అమలైంది. మూలవేతనం, డీఏ కలిపి అందులో 10 శాతం ఉద్యోగి కడితే, అంతే మొత్తం ప్రభుత్వం జమ చేయాలి. నిధి పోగవుతుంది. కానీ పెన్షన్ ఎంత వస్తుందన్నది మార్కెట్‌పై ఆధారపడుతుంది. ఉద్యోగుల భయం ఇదే. అందులో న్యాయం ఉంది.

మరి పాత పద్ధతికి వెళ్తే నష్టమేంటి?

మొదట్లో లాభంలాగే కనిపిస్తుంది. ప్రభుత్వం తన వాటా కట్టక్కర్లేదు కాబట్టి ఆ ఏడాది ఖర్చు తగ్గుతుంది. 2004 తర్వాత చేరినవారు పెద్ద సంఖ్యలో రిటైరయ్యేటప్పుడు అసలు బిల్లు వస్తుంది. అప్పటికి హామీ ఇచ్చిన నేతలు పదవిలో ఉండరు. కట్టేది ఇప్పుడు స్కూల్లో ఉన్న పిల్లలు.

రాష్ట్రాలన్నీ ఓపీఎస్‌కు వెళ్తే మొత్తం భారం ఎన్‌పీఎస్‌తో పోలిస్తే 4.5 రెట్ల వరకు చేరొచ్చని 2023 సెప్టెంబరు ఆర్‌బీఐ బులెటిన్‌లోని అధ్యయనం అంచనా వేసింది. 2060 నాటికి ఏటా జీడీపీలో 0.9 శాతం అదనపు భారం పడుతుందని చెప్పింది.

పొదుపు అంటే ఉద్యోగులకు అన్యాయమా?

కాదు. నిధి లేని హామీతో ముందు నష్టపోయేది పెన్షనర్లే. అమెరికాలోని డెట్రాయిట్ నగరం 2013లో దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత కుదిరిన ప్రణాళికలో సాధారణ విభాగాల రిటైర్డ్ ఉద్యోగుల పెన్షన్‌లో 4.5 శాతం కోత పడింది. ధరలను బట్టి ఏటా ఇచ్చే పెంపూ ఆగింది. మన రాష్ట్రాలు నగరాల్లా దివాలా తీయవు. కానీ చేతిలో డబ్బు లేకపోతే బిల్లులు ఆలస్యమవుతాయి, అప్పులు పెరుగుతాయి.

రిటైర్మెంట్ వయసు పెంచితే?

తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఏపీ 2022లో 60 నుంచి 62కి పెంచాయి. దీనివల్ల చెల్లింపు వాయిదా పడుతుందే తప్ప పోదు.

మధ్యే మార్గం ఉందా?

2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్రం యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం పెన్షన్‌గా గ్యారంటీ. ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 18.5 శాతం కడతాయి. ఖర్చు ఎక్కువే, కానీ ఆ లెక్క ఇప్పుడే బడ్జెట్‌లో కనిపిస్తుంది.

ఈసారి ఏ పార్టీ అయినా పెన్షన్ హామీ ఇస్తే రెండు ప్రశ్నలు అడగండి. దీనికి ఈ ఏడాది ఎంత పక్కన పెడుతున్నారు? ఇరవై ఏళ్ల తర్వాత ఎంతవుతుంది? జవాబు లేదంటే ఆ బిల్లు మీ పిల్లల పేరు మీద రాస్తున్నట్టే.