కబురు అందకపోతే మానే పుండు

ముద్దనూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాయనకు షుగరు. కాలి పుండు నెలల తరబడి మానడం లేదు. జన్యువును ఆపేసి ఇలాంటి పుండ్లు మాన్పే పద్ధతి వస్తోందని చదివాను. ఒకసారి ఆపిన జన్యువు మళ్ళీ పనిచేస్తుందా? పిల్లలకేమైనా అవుతుందా?" ఆ మందు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళే ఎక్కువ. ఈయన అసలు కీలకం దగ్గరే నిలేశారు.

పుండు సంగతి గబగబా చెప్పేస్తాను. షుగరు ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, ఎండకు కాలిన నాపరాయి మీద నడిచినా తెలియదు. పైగా రక్తం సరిగా అందదు. మామూలు గాయంలో వాపు కొద్ది రోజుల్లో తగ్గి కొత్త కండ పడుతుంది. షుగరు పుండు వాపు దశలోనే నిలిచిపోతుంది. అందులో ఎంఎంపీ-9 అనే ఎంజైము అవసరానికి మించి ఊరుతూ, కణాలు పాకడానికి ఆసరా అయిన పోగులనూ, వాటిని పెరగమనే ప్రోటీన్లనూ కొరికేస్తుంది. 1997లో అమెరికాలో అనుమతి పొందిన బెకాప్లెర్మిన్ జెల్‌లో ఉన్నది అలాంటి పెరుగుదల ప్రోటీనే. ఈ ఎంజైము చెలరేగుతున్న పుండుకు దాన్ని పూయడమంటే గొర్రెల మంద మేస్తున్న చేలో విత్తనం వేయడమే.

అయితే ఎంఎంపీ కుటుంబం మొత్తాన్నీ అణిచేస్తే సరిపోతుందనుకున్నవాళ్ళు పొరబడ్డారు. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో షహ్రియార్ మొబాషెరీ, మేలాండ్ చాంగ్ షుగరు ఎలుకల పుండ్లను పరిశీలించి చూస్తే, ఎంఎంపీ-9 చెరుపు చేస్తుంటే దాని తోబుట్టువు ఎంఎంపీ-8 పుండు మానడానికి సాయపడుతోంది. ఈ ఎంజైముల కొరికే భాగాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మామూలు రసాయన మందు ఒకదాన్ని పట్టి మరొకదాన్ని వదలడం కష్టం. కానీ వాటి జన్యువుల అక్షరాలు వేరు. నాకు ఒళ్ళు పులకరించేది ఇక్కడే.

జన్యువు కణకేంద్రకంలోనే ఉంటుంది. దాని నకలు, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, బయటికి కబురు మోసుకొస్తేనే ప్రోటీను తయారవుతుంది. ఆ కబురును ఆపవచ్చని అనుకోకుండా బయటపడింది. 1990లో రిచర్డ్ జోర్గెన్‌సన్, కారొలిన్ నపోలీ బృందం పిటూనియా పూలు ఇంకా ముదురు రంగులో పూయాలని రంగు జన్యువును అదనంగా ఎక్కించింది. కొన్ని మొక్కలు తెల్లగా పూశాయి! 1995లో సూ గువో, కెన్నెత్ కెంఫ్యూస్ నులిపురుగులో ఒక జన్యువును ఆపడానికి దాని కబురుకు జతగా అతుక్కునే ఎదురు ఆర్‌ఎన్‌ఏ పోగును ఎక్కించారు. అది పనిచేసింది. పోల్చి చూడటానికి ఎక్కించిన, కబురు లాంటిదే అయిన నేరు పోగు, ఏమీ చేయకూడనిది, అదీ అంతే పనిచేసింది. ఎవరికీ అంతుపట్టలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ముడి విప్పారు. పనిచేసింది నేరు పోగూ కాదు, ఎదురు పోగూ కాదు. రెండూ పెనవేసుకున్న జంట ఆర్‌ఎన్‌ఏ. తయారీలో కాస్త కల్తీగా మిగిలిపోయిన ఆ జంటే అందరినీ తికమక పెట్టింది. 2006లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కణంలో డైసర్ అనే ఎంజైము ఆ జంటను ఇరవై చిల్లర అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆర్గోనాట్ అనే ప్రోటీను ఒక ముక్కను పట్టుకుని, అందులో ఒక పోగును పారేసి, రెండోదాన్ని దగ్గర పెట్టుకుంటుంది. దానితో సరిపోలే కబురు ఎదురైతే, పదో అక్షరానికీ పదకొండో అక్షరానికీ ఎదురుగా సరిగ్గా ఒక్క కోత కోస్తుంది. ఒక్క కోతతో పోగు అరిగిపోదు. మరో కబురు వస్తే మళ్ళీ కోత. పొడవాటి జంట ఆర్‌ఎన్‌ఏను మన కణాల్లో వేస్తే వైరస్ వచ్చిందనుకుని గగ్గోలు పెడతాయి. 21 అక్షరాల ముక్కలే నేరుగా ఇస్తే ఊరుకుంటాయని 2001లో థామస్ టుషల్ బృందం చూపింది.

ఇప్పుడు ఆ పాఠకుడికి జవాబు. ఇక్కడ కోత పడేది కబురుకే. జన్యువు చెక్కుచెదరదు. ముక్కలు అరిగిపోగానే కబుర్లు మళ్ళీ మొదలవుతాయి. పుండు దగ్గరి చర్మకణాల సంగతి పిల్లలకు చేరే దారే లేదు. కొన్ని జీవుల్లో కథ ఇంతటితో ఆగదు. ఇదే యంత్రాంగం పండ్ల ఈగల్లో క్రోమోజోము భాగాలను బిగించి ఉంచడానికీ కావాలని 2004లో సైన్స్ పత్రికలో వచ్చిన పత్రం చూపింది. అందులో హైదరాబాదు పరిశోధకులు మణికా పాల్ భద్ర, ఉత్పల్ భద్ర ఉన్నారు. పుండుకు వాడే పొట్టి ముక్కల పని మాత్రం కబుర్లతోనే.

కొన్నాళ్ళే పనిచేయడం ఇక్కడ లోపం కాదు, వరం. పుట్టుకతోనే ఎంఎంపీ-9 లేని ఎలుకల గాయాలు ఆలస్యంగా మానాయి. కణాలు పాకడానికి కొంత ఎంఎంపీ-9 కావాలి మరి. దాన్ని పుండులో, మితిమీరిన రోజుల్లో తగ్గించాలి, తర్వాత వదిలేయాలి. ఎంఐటీలో పౌలా హామండ్ బృందం చేసింది అదే. నైలాన్ కట్టుకు పొరలు పొరలుగా పూత వేసి, ఎంఎంపీ-9 కబురును కోసే ముక్కలను ఆ పొరల్లో దాచింది. పుండు రసంలో ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములు నిండుగా ఉంటాయి కాబట్టి, ముక్కలకు ఆ రక్షణ కావాలి. పొరలు మెల్లగా కరుగుతూ రోజుల తరబడి మందు వదిలాయి. షుగరు ఎలుకల్లో పుండ్లు త్వరగా మానాయి.

మనుషుల పుండ్లకు అలాంటి కట్టు ఇంకా అమ్మకానికి రాలేదు. 2018లో వచ్చిన పటిసిరాన్ మొదలు ఈ తరహా మందులన్నీ కాలేయానికి గురిపెట్టినవే, ఎందుకంటే అక్కడికి చేర్చడం తేలిక. కళ్ళెదుట తెరుచుకుని ఉన్న పుండును ఇన్నేళ్ళు పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు.

అందాకా ఏం చేయాలో వేలూరు సీఎంసీలో డాక్టరు పాల్ బ్రాండ్ ఎప్పుడో చెప్పారు. కుష్ఠు రోగుల పాదాలు వాటంతటవే కుళ్ళడం లేదనీ, స్పర్శ లేక ఒకేచోట పదేపదే ఒత్తిడి పడి పుండవుతోందనీ ఆయన గుర్తించారు. షుగరు పాదానికీ అదే వర్తిస్తుంది. అందుకే మీ నాయన పాదానికి రక్తం అందుతోందో లేదో ముందు చూపించండి. అందుతుంటే, పుండు మీద బరువు పడకుండా ప్లాస్టరు కట్టు వేయగల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మానాక మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు కుట్టించండి, ఇంట్లో కూడా వేసుకోమనండి.